ఒకే సీటుకి ఇద్దరం

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. చిన్న అబద్ధం. రెండు మాటలు. ఇంత బరువుంటుందని ఆ రోజు తెలియదు. తెలిసి ఉంటే ఆడేదాన్ని కాదా? ఆడేదాన్నేనేమో. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివరికి నేను కన్నీళ్ళు పెట్టుకుని చేతులు జోడిస్తానని మీరు ఎదురు చూడకూడదని. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా నాన్న పొన్నూరు దగ్గర ఒక ఊళ్ళో అర్చకుడు. మేమిద్దరం ఆడపిల్లలం. అక్క పద్యం అందుకుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారు. ఒక నాటక సమాజం వాళ్ళు వచ్చి తమతో పంపమని అడిగితే నాన్న గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. అక్క వాళ్ళ వెంటే వెళ్ళిపోయింది. ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు ఎత్తకూడదు. నేను ఎత్తలేదు. చదువుకున్నాను, చూపించిన వాణ్ణి పెళ్ళి చేసుకున్నాను, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో కామర్స్ చెబుతూ బతుకుతున్నాను. నాన్న పోయాక కూడా అక్కని వెతకలేదు. ఏ మొహం పెట్టుకుని వెతకను?

ఒక రోజు ఆటోలో వెళ్తుంటే గోడ మీద పోస్టరు కనిపించింది. అక్క బొమ్మ. గుంటూరులో నాటకం, రంగస్థలం మీద ఆమెకిదే ఆఖరి ప్రదర్శన అని కింద రాసి ఉంది. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే టికెట్లన్నీ అయిపోయాయి. నిర్వాహకుల్ని అడిగితే చెల్లెలినని చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ లేని చెల్లెలు టికెట్ కోసం పుట్టుకొచ్చిందా అంటే ఏం చెప్పను?

నాటకాల మీద ఇష్టమున్నవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపు ఒకటుంది. అందులో ఎవరో ఒక టికెట్ అమ్మకానికి పెట్టారు. అనుకోకుండా ఊరెళ్ళాల్సి వచ్చిందట. ప్రొఫైల్‌లో భార్యాబిడ్డలతో ఫోటో. పెద్దమనిషిలాగే ఉన్నాడు. టికెట్ నా పేరు మీదకి మార్చమన్నాను. "స్క్రీన్‌షాట్ చాలు మేడం, అందరూ అట్లాగే వెళ్తారు" అని మెసేజ్ పెట్టాడు. ఫోన్ చేస్తే కట్ చేశాడు. ఇంకెవరో అడుగుతున్నారు, తొందరగా తేల్చండన్నాడు.

ముక్కూమొహం తెలియనివాడికి ముందుగా డబ్బు పంపొద్దని పిల్లలకి క్లాసులో చెప్పేదాన్ని నేనే. గేటు దగ్గర టికెట్ స్కాన్ అయ్యాకే డబ్బు పంపుతాను అని వాడితో అనాలి. అనాలని తెలుసు. వాడు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడేమోనన్న భయం ముందు ఆ తెలివంతా ఏమైపోయిందో! పంపేశాను. టికెట్ స్క్రీన్‌షాట్ వచ్చింది. గుండెకి హత్తుకున్నంత పని చేశాను.

ప్రదర్శన రోజు హాలు ముందు జనం. ఆడవాళ్ళకో వరస, మగవాళ్ళకో వరస. పక్క వరసలో నా ఈడు మనిషొకాయన నావైపు వంగాడు.

"అమ్మా, ఈ సీటు ఎటువైపు వచ్చిద్దో కాస్త చూసి చెప్తారా? నాకీ ఫోన్ టికెట్లు కొత్త."

చూశాను. అదే వరస. అదే సీటు. స్క్రీన్‌షాట్ అంచున తెగిపోయిన అక్షరాలు కూడా నా ఫోన్లో ఉన్నవే. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

"మాది కనిగిరి అవతలమ్మా. మిరప కోతలు వదిలిపెట్టి వచ్చా. మా అమ్మాయి ఇందులో చెలికత్తె వేషం వేస్తంది. వెళ్తే మళ్ళీ నా గడప తొక్కొద్దన్నాను. అనేశానుగా, ఇప్పుడు ఏం చెప్పి పాస్ అడగను? దూరం నుంచి చూసి వెళ్ళిపోతా."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. అయ్యా, మనిద్దర్నీ ఒకడే మోసం చేశాడండి అని. ఇద్దరం కలిసి వెళ్ళి అడిగితే లోపల ఏ మూలో నిలబడనిచ్చేవాళ్ళేమో. ఇద్దర్నీ వెళ్ళగొట్టేవాళ్ళేమో కూడా. ఆ రెండో సంగతే నా బుర్రలో తిరిగింది. "లోపల చెప్తారులెండి" అన్నాను. మా వరస ముందు కదిలింది. నా టికెట్ ముందు స్కాన్ అయింది. పచ్చలైటు. నేను లోపల.

నాలుగడుగులు వేశానో లేదో వెనక గొడవ.

"ఇది ఆల్రెడీ వాడేసిన టికెట్ అండీ" అంటున్నాడు గేటు దగ్గరి వాలంటీరు.

"అదేంటి బాబూ, నేనిప్పుడేగా వచ్చింది! అదిగో, ఆ అమ్మకి కూడా చూపించా. అడుగు."

వాలంటీరు నన్ను పిలిచాడు. "మేడం, ఈయన మీకు టికెట్ చూపించారంట, నిజమేనా?"

"నాకెవరూ చూపించలేదు."

అంతే. వెనకనుంచి ఎవరో "లైన్లో నిలబడి ఆవిడ టికెట్ ఫోటో తీసుంటాడు" అన్నారు. ఇంకొకరు నవ్వారు. ఆయన నన్ను ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది. నేను లోపలికి నడిచాను.

ఆ సీటులోనే కూర్చున్నాను. అక్క వచ్చింది. వయసుతో గొంతు బరువెక్కింది గానీ పద్యం ఎత్తుకోగానే చిన్నప్పుడు జడలు వేసుకుంటూ పాడిన అక్కే. ఏడ్చాను. చెలికత్తెలు ఇద్దరున్నారు. వాళ్ళవైపు చూడలేదు. విరామంలో బయటికి వెళ్ళి ఆయన్ని వెతకొచ్చు కదా? వెళ్ళలేదు. లేస్తే మళ్ళీ రానివ్వరేమోనని భయం. ఆఖరి ప్రదర్శన కదా, ఆయన కూతురికి ఇంకా బోలెడు నాటకాలుంటాయి, నాకు అక్క ఈ ఒక్క రోజే అని లెక్క చెప్పుకున్నాను. ఆ లెక్క తప్పని ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. నేనూ మోసపోయినదాన్నే. ఆ సీటు ఆయనది ఎంతో నాదీ అంతే. అందులో కూర్చున్నందుకు నాకు సిగ్గు లేదు.

నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్ళాను. అక్క అద్దంలోనే గుర్తుపట్టింది. రంగు పూసిన మొహంతోనే వాటేసుకుంది. అప్పట్నుంచీ మేం విడిపోలేదు. ఎంత కష్టపడి టికెట్ సంపాదించానో ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాను. బాగా చెబుతాను. గేటు దగ్గరి ముక్క మాత్రం ఉండదు అందులో.

ఆ చెలికత్తెల్లో ఒకమ్మాయి పేరు శైలజ. అక్కని అమ్మా అంటుంది, నన్ను పిన్నీ అంటుంది. కనిగిరి వైపు పిల్ల అని తెలిసిన రోజే ఎవరి కూతురో అర్థమైంది. గుంటూరు వస్తే మా ఇంట్లోనే భోజనం. ఒకసారి ఏదో మాటల్లో అంది: "మా నాన్నకి నా మీద ఎంత కోపమంటే, ఒక్కసారైనా చూడ్డానికి రాలేదు పిన్నీ. మనసు రాయి." నేను పెరుగు వడ్డించాను. ఆయన ఆమెకి చెప్పుకోలేదన్నమాట. దొంగ టికెట్‌తో వచ్చాడని నలుగురిలో నవ్వించుకున్న సంగతి కూతురికి ఎలా చెబుతాడు? ఆ మనసు రాయి కాదని తెలిసినవాళ్ళం ఇద్దరం. ఆయన సిగ్గుతో నోరు మూసుకున్నాడు. మరి నేను దేంతో మూసుకున్నాను?

మొన్న ఆదివారం శైలజ వచ్చింది. అన్నం పెట్టకముందే చెప్పాను. పెట్టాక చెబితే తిన్న అన్నం ఆ పిల్ల కోపానికి అడ్డం వస్తుందనిపించింది. ఏదీ మెత్తగా చెప్పలేదు. ఆ మోసగాడు ఒకే టికెట్ ఇద్దరికీ ఎలా అమ్మాడో, వాళ్ళ నాన్న ఏమన్నాడో, నేనేమన్నానో, జనం ఏమన్నారో, వరసగా చెప్పేశాను. "సీటు గురించి నేనేం బాధపడను. ఆ అబద్ధం మాత్రం నాది" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. నన్ను తిట్టలేదు. "ఏం చొక్కా వేసుకొచ్చాడు?" అని అడిగింది.

"తెల్లది. కొత్తది. ఇస్త్రీ మడతలు కూడా పోలేదు."

లేచింది. చెప్పులు వేసుకుంటూనే ఫోన్ తీసింది. వెళ్ళొస్తానని అనలేదు. పిన్నీ అనలేదు. మెట్లు దిగుతుంటే "నాన్నా" అన్న పిలుపొక్కటి వినిపించింది, తర్వాత మాటలు అందలేదు. ఇక ఈ గుమ్మం ఎక్కుతుందో లేదో తెలియదు. అక్కకి చెబుతుందేమో. చెప్పనివ్వండి. మళ్ళీ అదే గేటు, అదే వరస ఎదురైతే ఏం చేస్తానో నాకు తెలియదు, అబద్ధం ఆడనని మీ ముందు ఒట్టు వేయను. ఆయన నాకు టికెట్ చూపించాడు. నేను చూశాను. ఈ ముక్క పైకి అనడానికి ఇన్నేళ్ళు పట్టింది. అన్నాను. ఊపిరి ఆడుతోంది.