నేను కోసిన అంచులు

తిరుపతి బస్టాండు వెనక సందులో జిరాక్సు అంగడి ముందు నిలబడి ఉంటే, పక్క గదిలోంచి మైదా బంక ఉడుకుతున్న వాసన వచ్చింది. అందులో కలిపిన మైలుతుత్తం ఘాటు కూడా ముక్కుకు తగిలింది. పుస్తకాలకు చెదలు పట్టకుండా బైండింగు వాళ్ళం బంకలో వేసుకునే విషం అది. ఆ వెంటనే కటింగ్ మిషను బ్లేడు కాగితాల దొంతర మీద దిగిన చప్పుడు. నా కాగితాలు అంగట్లోనే వదిలేసి బయట మెట్టు మీద కూలబడ్డాను. ముసలాయనకు ఎండదెబ్బ అనుకుని ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు. ఎండ కాదు. ఖాదర్ సార్ గుర్తొచ్చారు.

మీలో ఎవరూ ఆయన్ని ఎరిగి ఉండరు. చిత్తూరులో కాలేజీ పిల్లలకు ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. ఎప్పటిదో ఒక ఉర్దూ కావ్యం ఉంది. మనిషంటే ఏమిటి, చావంటే ఏమిటి అని దేవుణ్ణి నిలదీసే కావ్యం. దానికి అర్థం వెతకడమే ఆయన బతుకంతా చేసిన పని. వేరే కాగితం మీద రాసేవారు కాదు. ఆ పుస్తకం అంచుల్లోనే, సన్నటి పెన్సిలుతో, ముప్పై ఏళ్ళు రాశారు. ఒక ఏడు అనుకున్నది మరుసటి ఏడు తప్పని తోస్తే చెరిపేవారు కాదు, పక్కనే ఇంకోటి రాసేవారు. "తప్పు కూడా ఉండనీప్పా, నేను ఏ దోవన వచ్చినానో తెలియాల గదా" అనేవారు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. ముందే తెలిసి ఉంటే ఈ రాత ఉండేదే కాదు.

అప్పట్లో చిత్తూరు బజారు వీధిలో నాకు బైండింగు అంగడి ఉండేది. అక్షరం ముక్క రాదు. కాగితాలు కుట్టేవాడికి అక్షరాలెందుకని పొగరు కూడా ఉండేది. ఆయన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, "కుట్లు ఊడిపోయినాయి మునిరత్నం, జాగ్రత్తగా కట్టు. ఇది నా ప్రాణం" అన్నారు. బైండింగుకు తెచ్చే ప్రతివాడూ తన పుస్తకం ప్రాణమే అంటాడు. అయినా శ్రద్ధగానే కట్టాను. ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుందని విని, కుట్లుండే వీపు ఏ పక్క రావాలో రెండుసార్లు అడిగాను. అది అడిగినవాణ్ణి అంచుల సంగతి అడగలేదు. చివికి, మడతలు పడి, పెన్సిలు గీతలతో మాసి ఉన్నాయవి. పిల్లలెవరో గీకారనుకున్నాను. ఆయన మీది గౌరవంతో మిషనుకు కొత్త బ్లేడు వేసి మరీ మూడు పక్కలా కోశాను. కోసిన ముక్కలు, రోజూ చేసే పనే గదా, బంక కాచే పొయ్యిలో పెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చి పుస్తకం తెరిచారు. ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ. మెచ్చుకుంటారని నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

"ముక్కలు యాడుండాయప్పా?"

"ఏ ముక్కలు సార్?"

"కోసినవి."

"పొయ్యిలో పెట్టేసినా సార్. సూడండి, ఎంత నున్నగా వచ్చిందో!"

ఆయన చూశారు. పుస్తకాన్ని కాదు, పొయ్యిని. తర్వాత పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, "బాగా కట్టినావు" అని వెళ్ళిపోయారు.

వారమైనా బజారులో కనబడకపోతే ఇంటికి వెళ్ళాను. అప్పుడు చెప్పారు, నేను పొయ్యిలో పెట్టినదేమిటో. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగారు.

"కాళ్ళు పట్టుకుంటే ఏమొస్తాదప్పా? సెయ్యి ఇయ్యి. నా కండ్లు పోతుండాయి, నీటికాసులంట. నేను మళ్ళీ రాయలేను. కోసింది నీ సెయ్యే గదా, రాసేది కూడా అదే."

"నాకు అక్షరాలు రావు సార్."

"వస్తాయిలే. మిషను తిప్పను నేర్సినోడివి, అ ఆలు నేర్వలేవా?"

నలభై ఆరేళ్ళ వయసులో నాకు అక్షరాభ్యాసం జరిగింది. నా అంగడి అట్టముక్కల మీదే సుద్దతో అరచేయంత అక్షరాలు రాసి దిద్దించారు. "నీకు ఉర్దూ నేర్పేదానికి నా కండ్లు సాలవు. నేను తెలుగులో చెప్తా, తెలుగులోనే రాయి" అన్నారు. ఆరునెలలకు ఒక వాక్యం తప్పు లేకుండా రాశాను. అప్పటికే ఆయనకు మసక. కాగితం తిప్పి, వెనకవైపు నా రాత లేపిన గట్లను వేలితో తడిమి, "ఇంత అదిమితే కాగితం ఏడుస్తాదప్పా" అన్నారు.

ఆ తర్వాత మూడేళ్ళు, పొద్దున్నే అంగడి తెరవకముందు ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని ఒక పద్యం పాడి, ఒకప్పుడు దాని పక్కన ఏం రాసుకున్నారో గుర్తు తెచ్చుకుని చెప్పేవారు. ఒకరోజు, "ఈ కవి దేవునితో కొట్లాడతాడు గానీ ఇల్లు విడిచి పోడు" అన్నారు. "మా ఇంట్లో రోజూ జరిగేదే గదా సార్" అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వారు. "రాసుకో, అది కూడా రాసుకో, మునిరత్నం అన్నాడని" అన్నారు. రాశాను.

గుర్తు రాని రోజులు కూడా ఉండేవి. అవే ఎక్కువయ్యాయి. అలాంటప్పుడు "ఖాళీ వదులు" అనేవారు. ఒకరోజు తట్టుకోలేక, "ఏదో ఒకటి చెప్పండి సార్, తెలియనిదా మీకు? ఎవురు సూడొచ్చినారు?" అన్నాను. మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది. "నేను సూస్తుండా గదా! అప్పుడు తోచింది పోయింది. ఇప్పుడు అల్లి చెప్తే అది అబద్ధం. ఖాళీ అంటే ఖాళీ." నోటుబుక్కులో సగం పేజీలు తెల్లగా మిగిలాయి.

ఒక వానాకాలం పొద్దున, నోటుబుక్కు గొడుగు కింద దాచుకుని వెళ్తే, వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి. ఆయన పోయారు. కూతురు నస్రీన్ వచ్చినవాళ్ళతో చెబుతోంది: "అబ్బాజాన్ పుస్తకం అంచులు చెదలు తినేసినాయి. పాపం, అందుకే అంతా మొదటినుంచి చెప్పి రాయించుకుంటా ఉండినారు." గోడకు ఆనుకుని విన్నాను. నేను కట్టిన పుస్తకానికి చెదలా? ఖాళీకి బదులు ఒక్క కల్పన ఒప్పుకోని మనిషి, నా కోసం ఇంట్లో కన్నబిడ్డకే కట్టుకథ చెప్పి ఉంచారు. అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఎన్నో ఏళ్ళు తెరవలేదు.

మొన్న నస్రీన్, ఆ రోజు నేను ఆమె చేతిలో పెట్టి వచ్చిన నోటుబుక్కును అచ్చు వేయిస్తూ, ముందుమాట నాకు పంపింది. అందులోనూ చెదలే. ఇప్పుడుంటున్న తిరుపతి నుంచి బస్సెక్కి చిత్తూరు పోయి, కాఫీ కూడా తాగకముందే చెప్పేశాను. "చెదలు కాదమ్మా. కోసినోణ్ణి నేనే."

ఆమె లోపలికి పోయి పాత పుస్తకం తెచ్చింది. అంచు మీద వేలు నడిపింది. "ఇంత సూటిగా ఉండాదే! ఎన్నిసార్లు పట్టుకున్నానో, ఒక్కసారి గూడా అనుకోలేదు మామా." పుస్తకం మూసి, "అయితే అబ్బాజాన్ నాకు అబద్ధం చెప్పినారా?" అంది. నేను పోగొట్టిన ముప్పై ఏళ్ళ రాతకు కాదు, ఆ ఒక్కదానికి ఏడ్చింది.

"ముందుమాట మార్చమ్మా," అన్నాను. "నా పేరు ఎయ్యి."

"మార్చను. ఆయన ఒక్కటే అబద్ధం ఆడినారు. దాన్ని గూడా ఆయనకు లేకుండా చేస్తావా?"

పుస్తకం అలాగే అచ్చయింది. నిజం చెప్పి ఆమెకు తండ్రిని కొంచెం తగ్గించి వచ్చాను, అంతే. కానీ ఆయన దయను దాచుకుని చచ్చిపోయేంత ధైర్యం నాకు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన నేర్పిన అక్షరాలతోనే ఆయన మాటను అబద్ధం చేస్తున్నాను.