రెండేసి సుద్దగీతలు

మా అక్క దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. చొక్కా కుట్టడం మాస్టారి వంతు, గుండీకి కాజా తెరిచి దారంతో అంచు కట్టడం అక్క వంతు. నీ కాజాలో దూరిన గుండీ బయటికి రమ్మన్నా రాదని బావ ఏడిపించేవాడు. ఆయన లారీ డ్రైవర్. ఒకరోజు లోడుతో వెళ్లి, ఘాట్ రోడ్డులో లోయలో పడి చనిపోయాడు. ఇల్లంతా గుండెలు బాదుకుంటుంటే అక్క వచ్చినవాళ్లు తాగిన గ్లాసులు నింపాదిగా కడిగింది. "రాయిలా ఉందేంటమ్మా" అన్నవాళ్ల నోళ్లు మూయించడమే నా పనైపోయింది.

తర్వాత మాస్టారికి చూపు మందగించింది. కాజా రావాల్సిన చోట సుద్దతో ఒక గీత పెట్టాలి. పెట్టిన గీత కనబడక ఆయన పక్కనే ఇంకోటి పెట్టేవాడు. అవి బావ పెడుతున్నాడనుకుంది అక్క.

"జంటగా పెడుతున్నారు చూడవే. బతికే ఉన్నానని, వస్తున్నానని చెబుతున్నారు."

"మాస్టారి కళ్ల నిర్వాకమక్కా అది!"

"నీ మొహం. నీకేం తెలుసు?"

కబురు పోగొట్టకూడదని రెండు గీతల మీదా కాజాలు తెరిచేసింది. చొక్కాలు జల్లెడలయ్యాయి. కొట్టుకొచ్చినవాళ్లు మాస్టారి మీద విరుచుకుపడ్డారు.

అక్కని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. "ఏ చిన్నది చూసినా తనకోసమే జరిగినట్టు తడుతోందామెకి. అలా తడితే ఎవరైనా కారణం వెతుక్కుంటారు. మనం కాస్త ఆగి, ఇంకోలా అయ్యుండొచ్చా అని చూస్తాం. ఆమె ఆగలేకపోయింది. తనని బతకనిచ్చే కారణాన్నే పట్టుకుంది. మందులు వేయించండి, వాదించకండి. ఆమెకేం కావాలో అడగండి."

నోరు కట్టేసుకోవడం నాకు ప్రాణసంకటం. అయినా అడిగాను. "బావొస్తే ఏం చేస్తావక్కా?"

"ఆ పొద్దున పోట్లాడుకున్నామే. అన్నం తినకుండా వెళ్లిపోయారు. ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టాలి."

'ఏమే వాగుడుకాయా' అని పిలిచేవాడు బావ నన్ను. ఆ పిలుపు కోసం నేనూ మొహంవాచి ఉన్నాను.

మందులు మెల్లగా పనిచేశాయి. ఒక మధ్యాహ్నం కొట్లో కొత్త చొక్కా ఎత్తి అక్క అడిగింది.

"మాస్టారూ, ఈ గీతలు మీరే పెట్టారా?"

"నేనేనమ్మా. కనబడి చావట్లేదు."

అక్క తల ఊపింది. నయమైపోయిందని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అమ్మకి చెబుదామని ఫోన్ కూడా తీశాను.

"అయితే ఆయన పోయారన్నమాట" అంది అక్క. అప్పుడు ఏడ్చింది, మొదటిసారి. నా చెయ్యి పట్టుకుని గుంజింది.

"నాకా మందులొద్దే. ఆయన్ని రానివ్వండే."

నిజం చెప్పొద్దూ, రానివ్వాలనే నాకూ అనిపించింది.