ఆదివారం తాళం పడని ఇల్లు

తాళాల మేస్త్రి ఇంటికి పదకొండేళ్లపాటు ఆదివారం పూట తాళం పడలేదు. ఊళ్లో సగం తలుపులకు తాళాలు బిగించినవాడికి, ఆ ఒక్కరోజు తన తలుపు మూసుకుని పోయే యోగం లేదు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి కానిస్టేబుల్ వస్తాడు. మేస్త్రి ఇంట్లో ఉండాలి, సంతకం పెట్టాలి. లేకపోతే ఎక్కడికి పోయాడో, ఎందుకు పోయాడో స్టేషన్‌కు వెళ్లి చెప్పుకోవాలి.

ఇదంతా ఒక్క తలుపు తెచ్చిన తంటా. అప్పట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు వచ్చి, మా ఇంటి తాళంచెవి పోయిందంటే, పాపమని వెళ్లి తీసిపెట్టాడు. తీరా చూస్తే ఆ ఇల్లు పెద్దమనిషిది కాదు. వాడితోపాటు మేస్త్రినీ బోనెక్కించారు. ఏడాది తిరక్కుండానే ఇతని తప్పేమీ లేదని కోర్టు వదిలేసింది. కోర్టు వదిలింది గానీ స్టేషన్‌లో ఉన్న అనుమానితుల రిజిస్టరు వదల్లేదు. అందులో ఎక్కిన పేరు అలాగే ఉండిపోయింది, దానితో ఈ ఆదివారం తనిఖీలూ. నిప్పు లేనిదే పొగ రాదని వీధి వీధంతా తీర్పు చెప్పేసింది. వీధికి సాక్ష్యాలతో పనేముంది?

ఆనాటి నుంచి మేస్త్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఇంటివాళ్ల సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, తేదీ, వేళ తన నోటుపుస్తకంలో పడితే గానీ సంచిలోంచి పనిముట్టు బయటికి తీయడు. జోరున వాన కురుస్తున్నా అంతే. ఇదేం చాదస్తమయ్యా అని జనం విసుక్కునేవాళ్లు. "ఒకసారి అడుసు తొక్కినవాణ్ని, కాలు కడుక్కోవడం ఎంత కష్టమో నాకు తెలుసు" అనేవాడు.

కానిస్టేబుల్ చెడ్డవాడేం కాదు. మంచినీళ్లు అడిగి తాగేవాడు. కాకపోతే పోయేటప్పుడు పక్కింటికి వినబడేలా "ఏం మేస్త్రీ, బుద్ధిగానే ఉంటున్నావా?" అని అడిగేవాడు. ఆ మాట విన్నవాళ్లు బాగుచేయమని ఇచ్చిన తాళాలు సోమవారం వచ్చి పట్టుకుపోయేవాళ్లు.

ఇలా తొమ్మిదేళ్లు ఓర్చుకున్నాక, ఒక శనివారం అత్తగారు పోయిందని కబురొచ్చింది. బస్సులో ఆరు గంటల దారి. మేస్త్రి స్టేషన్‌కు పరుగెత్తాడు. ఎస్సై లేడు, ఆయన వస్తే గానీ ఎవరూ పొమ్మనలేరట. భార్య ఒక్కతే వెళ్లింది. కన్నతల్లిలాంటి మనిషిని కడసారి చూడలేక మేస్త్రి ఆ ఆదివారం సంతకం పెడుతూ ఏడ్చాడు.

పదకొండు రోజులకు భార్య తిరిగొచ్చింది. చెప్పులైనా విప్పకుండా అంది.

"అమ్మ పెట్టె తాళంచెవి ఎక్కడో పోయిందట. తమ్ముడు పగలగొడతానంటే నేనే వద్దన్నాను. అల్లుడొచ్చి తీస్తాళ్లే అని అమ్మ ఆర్నెల్ల నుంచీ అంటూనే ఉందట. ముందు మీరు ఆ స్టేషన్ పుస్తకంలోంచి బయటికి రండి. అప్పుడే ఆ పెట్టె తెరుద్దాం. మళ్లీ చెప్పను."

చెప్పలేదు కూడా. ఆమె మళ్లీ చెప్పకపోవడమే మేస్త్రికి భయం.

ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె కాగితాలు చూసి, "ఎప్పుడో రావాల్సింది. కేసు కొట్టేశాక కూడా పేరు ఉంచాలంటే వాళ్లు కొత్త కారణం చూపించాలి. ఏం చూపిస్తారో చూద్దాం" అని పై కోర్టులో పిటిషన్ వేసింది.

పోలీసులు ఆ రిజిస్టరు నకళ్లు కట్టెడు చూపించారు. మూణ్నెల్లకోసారి ఒకటే వాక్యం. మేస్త్రి సంతలో అనుమానాస్పదంగా తిరుగుతూ కనిపించాడని. వకీలమ్మ ఒక్కో తేదీ చదువుతుంటే మేస్త్రి తన నోటుపుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. నవ్వాపుకోలేకపోయాడు.

"ఎందుకు నవ్వుతున్నారు?"

"ఆ రోజు నేను సంతలో లేనమ్మా. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా స్టేషన్‌లోనే ఉన్నాను. వాళ్ల బీరువా తాళంచెవి పోతే నన్నే పిలిచారు."

పేజీలో ఎస్సై సంతకం ఉంది. సాక్షుల్లో ఒకడు ఆదివారం కానిస్టేబులే. బీరువాలో ఏముందని వకీలమ్మ అడిగింది.

"ఈ రిజిస్టరే."

కోర్టులో న్యాయమూర్తి రిజిస్టరునూ నోటుపుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "పదకొండున్నరకు ఇతను సంతలో కనిపించాడని రాశారు. అప్పుడు ఇతను మీ ఎదురుగా కూర్చుని మీ బీరువా తీస్తున్నాడు. సంతలో ఎవర్ని చూశారు?" అని అడిగారు. పొరపాటు జరిగి ఉంటుందని ప్రభుత్వ వకీలు నసిగాడు. "దొంగ అని మీరు అనుమానించే మనిషి చేతికి మీ బీరువా ఎలా ఇచ్చారు?" అన్నారు ఆయన. పేరు కొట్టేయాలనీ, పోలీసులు మేస్త్రి ఇంటికి వెళ్లడం మానుకోవాలనీ తీర్పు వచ్చింది. పిటిషన్ వేసిన దగ్గర్నుంచి అప్పటికి ఏడాదిన్నర.

బయటికొచ్చాక మేస్త్రి ఒక్కటే అడిగాడు. "ఆదివారం కూడా రారా అమ్మా?"

"ఆదివారం కూడా రారు."

అయినా ఆ ఆదివారం ఎనిమిదిన్నరకే స్నానం చేసి వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. భార్య సంచీతో బయటికొచ్చి, "లేవండి, బస్సు పోతుంది" అంది. మేస్త్రి తలుపుకు తాళం వేసి, అది పడిందో లేదోనని మూడుసార్లు లాగి చూశాడు. ఇతరుల ఇళ్ల దగ్గర ఒక్కసారే లాగేవాడు.

అత్తగారి ఇంట్లో పెట్టె మంచం కిందే ఉంది. మేస్త్రి కూర్చుని ముందు నోటుపుస్తకం తీశాడు.

"మా అమ్మ పెట్టెకి కూడానా?" అంది భార్య.

"ఎవరికైనా అంతే."

ఆమె సంతకం పెట్టింది. ఆమె తమ్ముడూ పక్కింటాయనా సాక్షులుగా పెట్టారు. తాళం అయిదు నిమిషాల్లో వచ్చేసింది.

లోపల రెండు దుప్పట్లు, వాటిమీద పాత గుడ్డలో కట్టిన మూట ఒకటి. విప్పితే తుప్పు పట్టిన తాళాలు, ఏడు. ఒక్కదానికీ తాళంచెవి లేదు.

"ఇవా? ఎవరైనా పారేస్తే అమ్మ ఏరుకొచ్చేది బావా. మా అల్లుడికి పనికొస్తాయని దాచేది" అన్నాడు బావమరిది.

మేస్త్రికి కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. మొదటి తాళం తీసి చొక్కా కొసతో రుద్దాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఏడింటినీ తీశాడు. వాటికి మాత్రం ఎవరి సంతకమూ అడగలేదు.