ఒకే పేరున రెండు పాస్‌బుక్కులు

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఫైనాన్స్ ఆఫీసులో నా పని ఏమిటంటే, కంపెనీ ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు చేరిందో లేదో చూడడం. ముందురోజు మేము పంపిన చెల్లింపుల జాబితా ఒక పక్క, బ్యాంకు స్టేట్‌మెంటు ఇంకో పక్క పెట్టుకుని పొద్దున్నే వరసగా సరిచూస్తాను. ఖాతా మూతపడో, నంబరు తప్పుపడో కొన్ని వెనక్కి వస్తాయి. వాటి వెంటపడి మళ్లీ పంపిస్తాను. వెనక్కి రాలేదంటే చేరినట్టే లెక్క. పదకొండేళ్లు ఈ మాట నమ్మాను. నమ్మడమే కాదు, నమ్మనివాళ్ల మీద అరిచాను కూడా.

అలా నాతో మాటలు పడ్డవాళ్లలో ఒక కాక ఉన్నాడు. ముప్పై రెండేళ్లు గనిలో పనిచేసి అంతకు కొద్ది రోజుల ముందే రిటైరయ్యాడు. మా వైపు పెద్దవయసు కార్మికులను కాకా అనే పిలుస్తాం. ఆయన గ్రాట్యుటీ డబ్బు పంపి పది రోజులు దాటింది. మూడోసారి వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

“నా పైసలు ఇంక పడలే బిడ్డా.”

“పడ్డయి కాకా. ఎన్నిసార్లు చెప్పాలె? గిదిగో, బ్యాంకోళ్లు ఇచ్చిన నంబరు. అన్నీ టాలీ అయినయి.”

“బ్యాంకుల అడిగితే పడలేదంటున్రు. నీ దగ్గరికే పొమ్మంటున్రు.”

“అయితే ఇంట్ల అడుగు. ఎవలన్న తీసుకున్నరేమో.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చిన్నబోయింది. అయినా గొంతు పెంచలేదు.

“ఇంట్ల నేను, మా ముసల్ది, ఇద్దరమే. చిన్న ఇల్లొకటి చూసి బయానా ఇచ్చిన. నెలాఖరుకు మిగిలిన పైసలు కట్టకుంటే బయానా మునుగుతది. క్వార్టర్ గుడ ఖాళీ చెయ్యమని కాయితం ఇచ్చిన్రు. గప్పుడు మేమిద్దరం యాడ ఉండాలె?”

నెలాఖరుకు ఎనిమిది రోజులే ఉన్నాయి. తప్పు ఆయనదేనని చూపించి పంపించేద్దామని ఆయన చేతిలోని పాస్‌బుక్కు విసుగ్గా లాక్కున్నాను. పేరు సరిగ్గానే ఉంది. తండ్రి పేరు కూడా. ఖాతా నంబరు మాత్రం మేము డబ్బు పంపినది కాదు. ఫైలు తీశాను. రిటైరయ్యేటప్పుడు ఆయన ఇచ్చిన పాస్‌బుక్కు జిరాక్సు అందులో ఉంది. అదే పేరు, అదే తండ్రి పేరు, అదే ఊరు. ఫొటో జిరాక్సులో నల్లగా అలుక్కుపోయి ఎవరిదో తెలియకుండా ఉంది. కింద ‘సరిచూశాను’ అని సంతకం. అది నాది. జీతం పడే ఖాతాతో ఒక్కసారి పోల్చి ఉంటే అక్కడే దొరికేది. పేరు కలిసింది కదా అని వదిలేశాను.

కాకకు చదువు రాదు. అయినా జిరాక్సులో చిరిగిన అట్ట మూల చూసి గుర్తుపట్టాడు. అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

“గిది మా అన్నది బిడ్డా.”

“మీ అన్నకు నీ పేరెట్ల ఉంది?”

“ఆయనకు నా పేరు గాదు. నాకే ఆయన పేరు.”

అప్పుడు చెప్పుకొచ్చాడు. ముప్పై రెండేళ్ల కింద గనిలో కొలువుకు పిలుపు వచ్చింది అన్నకు. అన్నకు అప్పుడే పెళ్లయింది, పొలం చూసుకోవాలి, పైగా గనిలో దిగాలంటే భయం. తమ్ముడు అన్న పేరు చెప్పి దిగాడు. ఆ రోజు నుంచి కంపెనీ కాగితాల్లో, బ్యాంకులో ఆయన అన్న పేరుతోనే ఉన్నాడు. జైపూర్ దగ్గర పల్లెలో ఉన్న అన్నకూ అదే పేరున ఖాతా ఉంది. ఎంట్రీలు వేయించుకు రమ్మని అన్న ఇచ్చిన పాస్‌బుక్కు తమ్ముడి ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. జిరాక్సుకు తీసినప్పుడు అదే చేతికి వచ్చింది.

మా బొగ్గు బెల్టులో ఇది వింతేమీ కాదు. గనిలో మా నాన్నతో పనిచేసినవాళ్లలో కొందరికి మేము పిలిచే పేరు ఒకటి, జీతం చీటీలో పేరు ఇంకొకటి. పెద్దవాళ్లందరికీ రెండేసి పేర్లుంటాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

డబ్బు వేరే మనిషికి పోయిందని బ్యాంకుకు ఉత్తరం రాయడం రూలు. రాస్తే, పేరు కలిసింది కదా, అసలు మనిషి ఎవరో రుజువు చెయ్యండి అంటారు. రుజువు చేస్తే ఆయన చేసిన కొలువు, పింఛను, అన్నీ చిక్కుల్లో పడతాయి. నేను ఉత్తరం రాయలేదు. చేసింది ఒప్పని ఇప్పటికీ అనను, కానీ రాయనందుకు బాధా లేదు.

ఆదివారం కాకను స్కూటీ మీద ఎక్కించుకుని ఆ పల్లెకు పోయాను. అన్న మమ్మల్ని మంచం వాల్చి కూర్చోబెట్టాడు. నేనెవరో అడగకముందే తన సంతోషం చెప్పుకున్నాడు.

“మంచిగ వచ్చినవ్ తమ్మీ. నా పంట లోన్ మాఫీ అయింది. ఫోన్ల మెసేజ్ వచ్చింది. పక్కింటామె చదివి చెప్పింది.”

నాకు విషయం అర్థమైంది. తమ్ముడి డబ్బు ఆ ఖాతాలో పడగానే పాత లోను బాకీని బ్యాంకు అందులోంచి పట్టుకుంది. ఆయన అదంతా మాఫీ అనుకున్నాడు. కాకకూ అర్థమైంది. “మంచిగైంది అన్నా,” అని చాయ్ తాగుతూ కూర్చున్నాడు. మోచేత్తో పొడిచాను.

“ఊకో బిడ్డా,” అన్నాడు మెల్లగా. “సంబురంగ ఉన్నడు. నేను చెప్ప.”

నాకు ఒళ్లు మండింది. ఉండడానికి ఇల్లు లేకుండా పోతుంటే ఈ మొహమాటమేమిటి? ఉన్నదంతా నేనే చెప్పేశాను. అన్న చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆయన భార్య గడప దగ్గర నిలబడి అంతా విన్నది. లోను పోగా ఖాతాలో మిగిలినదానితో ఇల్లు రాదని కూడా చెప్పాను. అంత నిజం అంత గట్టిగా చెప్పక్కర్లేదని ఇప్పుడనిపిస్తుంది.

“ఎల్లుండి బ్యాంకు కాడికి రాండ్రి,” అన్నాడు అన్న.

మంగళవారం సగం పూట సెలవు పెట్టి కాకను తీసుకుని అన్న మండలంలోని బ్యాంకుకు పోయాను. అన్న, ఆయన భార్య మాకంటే ముందే వచ్చి ఉన్నారు. డబ్బు పంపే ఫారం రాసిపెట్టమని అన్న నాకే ఇచ్చాడు. ఎంత అని అడిగితే రూపాయి తక్కువ లేకుండా మొత్తం గ్రాట్యుటీ చెప్పాడు. ఖాతాలో అంత ఉందని, పొద్దున్నే తెచ్చి కట్టానని అన్నాడు. కౌంటర్లో ఉద్యోగి ఫారం చూసి నవ్వాడు.

“నీ పైసలు నీకే పంపుకుంటున్నవా తాతా?”

“అవ్,” అన్నాడు అన్న.

కాక మాత్రం అప్పుడు వదినెను చూస్తున్నాడు. ఆయన చూపు వెంట నేనూ చూశాను. ఆమె మెడలో పుస్తెలు పసుపుతాడుకు ఉన్నాయి. ఆదివారం చూసిన బంగారు తాడు లేదు. కాక ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దన్నా. ఇల్లు లేకుంటే లేదు.”

“చెయ్యి తియ్యి,” అన్నాడు అన్న. కసిరినట్టే అన్నాడు. కాక తీశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి నేను తల తిప్పుకున్నాను.

ఆ సాయంత్రానికి డబ్బు వచ్చి కాక ఖాతాలో పడింది. నా లెక్కలో మాత్రం దీని జాడే లేదు. నా కాగితాల్లో ఆ చెల్లింపు మొదటిరోజే చేరిపోయింది.

బ్యాంకు బయట అన్నదమ్ములు ఆటో మాట్లాడుతుంటే అన్న భార్య పక్కకు పోయి నిలబడ్డాను.

“తప్పు నాది అవ్వా. గా కాయితం మీద సంతకం నేను పెట్టిన. తాకట్టు వడ్డీ నేను కడత.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు.

“నువ్వెందుకు కడతవ్ బిడ్డా. మా ఆయన దిగాల్సిన బొగ్గుబాయిల మా మరిది దిగిండు. గిన్నేండ్లల్ల మా ఆయన పొద్దుగూకెటాల్లకు పొలం నుంచి ఇంటికి వచ్చిండు. బాయిల ఏమైందో ఏమో అని వాకిట్ల నిలబడి చూసింది నేను గాదు. మరిది పెండ్లాం, మా చెల్లె.”