రొయ్యల చెరువులో పత్తి మందు

పచ్చపురుగుతో వేగలేక, తొంభైల చివర్లో మా బావమరిది ఉప్పుటేరు పక్కనున్న పత్తి చేను తవ్వించి రొయ్యల చెరువు చేశాడు. అతనికున్నది ఆ ఒక్క చెక్కే. ఉప్పునీళ్లు ఎక్కితే అందులో మళ్లీ పత్తి పండదన్నాను.

"రొయ్య నిలబడితే పత్తితో పనేంది బావా?" అన్నాడు.

నిలబడలేదు. రెండో నెలలో వల వేసి తీస్తే రొయ్యల మొప్పల మీద బూజులా ఏదో పట్టి ఉంది. అది బూజు కాదు, కంటికి విడిగా ఆనని పరాన్నజీవుల గుంపు. ఒక రొయ్య కాలు విరిచి చూశాను. రొయ్య నెత్తురుకు రంగుండదు. ఆరోగ్యంగా ఉంటే గాయం దగ్గర చిటికెలో జిగురులా గడ్డకడుతుంది. ఇది కారుతూనే ఉంది. ఆ జీవులు వెంటనే ప్రాణం తీయవు. ఊపిరాడనివ్వకుండా పీడిస్తుంటే, రొయ్య నెత్తురులో కాపలా కాసే కణాలు పోరాడి పోరాడి తరిగిపోతాయి. ఆపైన ఏ రోగం వచ్చినా అడ్డుకునే దిక్కుండదు. లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్న ఈ సంగతంతా చెప్పి, నీళ్లు మార్చమన్నాను, మేత తగ్గించమన్నాను.

"పురుగు పట్టిందని నువ్వే అంటివి. పురుక్కి మందు కొట్టాలి గానీ నీళ్లు మార్చడమేంది?"

"ఒరేయ్, రొయ్య కూడా పురుగుకి చుట్టమేరా! పురుగుని చంపే మందు దాన్ని వదుల్తుందా?"

"నువ్వు పుస్తకాలు చదువుకో బావా. మందు కొట్టడం నాకు నేర్పబాక."

పత్తిలో ఒక మందు పనిచేయకపోతే రెండు మూడు కలిపి కొట్టడం మావాళ్లకు అలవాటు. చెరువుకీ అదే లెక్క. మందుల కొట్టాయన ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. "కొంచెమేగా, ఏం కాదండీ" అని డబ్బాలు చేతిలో పెట్టాడు. జబ్బు రొయ్యకైనా మిరపకైనా ఆ మనిషికి తెలిసిన వైద్యం అమ్మడమే.

మందు పోశాక కొన్ని చచ్చాయి. మిగిలినవి ఆ బాధకు పెంకు విడిచాయి. పాత పెంకుతోపాటు బూజూ ఊడిపోయింది. మా వాడు నిగనిగలాడే రొయ్యనొకదాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"చూడు, పెళ్లికొడుకులా ఉంది!"

నేను దాని కాలు విరిచాను. నెత్తురు కారుతూనే ఉంది.

"దాన్ని కుంటిదాన్ని చేస్తే గానీ నీకు నిద్ర పట్టదా?" అని నవ్వాడు.

వారం తిరక్కుండా తెల్లమచ్చ రోగం వచ్చింది. చెరువంతా ఖాళీ. గట్టు నిండా కాకులు.

వానలకు ఉప్పు కడుక్కుపోయిందనుకుని, మరుసటేడు చెరువు ఎండగట్టి ఆ మడిలోనే పత్తి గింజ పెట్టాడు. మొలిచిన కాసిని మొక్కలూ ఆకుల అంచులు మాడి ఎండిపోయాయి. గట్టు మీద నిలబడి చూస్తున్నాను.

"అనవేంది బావా? అను," అన్నాడు.

అనవలసింది అతన్ని కాదు. ఊళ్లోకి తిరిగొస్తూ చూస్తే, మందుల కొట్టు ముందు ఆ రోజూ జనం వరసలో ఉన్నారు. నలభై దాటిన మా బావమరిది చీమకుర్తి క్వారీలో రాళ్లు మోయడానికి పోయాడు.