చలి దారి తెలిసిన మేస్త్రి మావ

పోయిన సోమవారం పొద్దున్నే అమ్మ బొబ్బిలి నుంచి ఫోన్ చేసింది. "మేస్త్రి మావ పోనాడమ్మా" అంది. పనికి బయల్దేరుతూ వాకిట్లోనే కూలబడిపోయారట. అరసవల్లిలో మా వంటింట్లో ఉన్న నేను పొయ్యి ఆర్పేశాను.

ఆయన మాకు చుట్టం కాదు. మా పుట్టింటికి పక్కిల్లు. తాపీ మేస్త్రి. అమ్మ అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు మావ అయ్యారు.

పన్నెండేళ్ల కిందట, పుష్యమాసపు చలిలో, నెలలు నిండకుండానే నాకు పాప పుట్టింది. "బిడ్డని వెచ్చగా ఉంచండి. చలి తగిలితే బరువు పెరగదు" అని చెప్పి డాక్టరమ్మ ఇంటికి పంపింది. మా పుట్టిల్లు పాత పెంకుటిల్లు. గదిలో హీటర్ పెట్టాం. అది వెలగగానే లైటు మిణుకుమిణుకుమనేది, కాసేపటికి ఫ్యూజు పోయేది. హీటర్ ఎర్రగా కాలుతున్నంతసేపూ కూడా పాప పాదాలు చల్లగానే ఉండేవి. భయపడి అమ్మ కుంపటి రాజేసింది.

అప్పుడే మావ వచ్చారు. కుంపటి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"సెల్లీ, ముందు దాన్ని బయటెట్టు. తలుపులేసిన గదిలో బొగ్గులేటి? పసిదానికి ఊపిరాడాలా వద్దా?"

"మరి ఈ సలికి ఏటి సెయ్యమంటావన్నయ్యా?"

"ఎటునుంచి వస్తన్నాదో ముందు సూద్దాం."

దేవుడి గూట్లోంచి ఒక అగరొత్తి తీసి వెలిగించారు. తలుపు మూసి, కిటికీ రెక్కల అంచుల వెంట, గుమ్మం కింద, గోడ మీద పెంకులు ఆనే చోట నెమ్మదిగా తిప్పారు. నిటారుగా లేస్తున్న పొగ ఒక్కోచోట ఉన్నట్టుండి పక్కకు వాలిపోయేది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టేవారు. పుట్టి పెరిగిన ఇంట్లో అన్ని కంతలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన ఆ పూట ఇక పనికి వెళ్లలేదు. బంకమట్టిలో ఊక కలిపి కంతలన్నీ పూడ్చారు. పాత చీరను సంచిలా కుట్టించి, ఇసుక నింపి గుమ్మం కింద అడ్డంగా పెట్టారు. పెంకుల కింద గోనెపట్టాలు బిగించారు. ఉత్తరం గోడకున్న నా మంచాన్ని పడమటి గోడ వైపు జరిపించారు. మధ్యాహ్నమంతా ఎండకు కాగిన ఆ గోడ పొద్దుగూకాక కూడా వెచ్చగా ఉండేది. పైనున్న చిన్న వెంటిలేటర్ని మాత్రం మూయలేదు. అమ్మ అడిగితే, "ఇల్లంటే డబ్బా కాదు సెల్లీ, గాలి ఆడాల" అన్నారు.

దీపాలు పెట్టే వేళకు పాప పాదాలు పట్టుకు చూశాను. వెచ్చగా ఉన్నాయి. ఏడుపు ఆగలేదు నాకు. ఆ తర్వాత హీటర్ తెల్లవారుజామున కాసేపు వేస్తే సరిపోయేది. ఫ్యూజు మళ్లీ పోలేదు.

చేతుల మట్టి కడుక్కుని, మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ చెప్పారాయన. "మా పెద్దది ఇలాటి సలిలోనే పోనాదమ్మా. పదిరోజుల పిల్ల. ఊరందరికీ ఇళ్లు కట్టినోణ్ణి. నా ఇంటి గోడకి సిమెంటు పూత లేదప్పటికి." గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయారు.

ఏటా కార్తీకం వెళ్లగానే ఆయన చొక్కా జేబులో అగరొత్తుల పొట్లం కనిపించేది. బాలింతలున్న ఇల్లు, ముసలివాళ్లున్న ఇల్లు ఒక్కటీ వదిలేవారు కాదు. ఎవరైనా పెద్ద హీటర్ కొంటామంటే, "ముందు నీ తలుపు సరిగ్గా పడతన్నాదో లేదో సూడు" అనేవారు. ఒకసారి అరసవల్లి వచ్చి, కాఫీ కూడా తాగకుండా మా గీజరు గొట్టం పట్టుకు చూశారు. "వేడంతా దారిలోనే పోతన్నాదమ్మా" అని పాత దుప్పటి ముక్క అడిగి దానికి చుట్టారు. అది చివికిపోయింది. మార్చాలని చెయ్యి వేస్తాను, మనసొప్పదు.

చలి మొదలయ్యాక ఫోన్ చేసి "గది బావున్నాదా?" అని అడిగేవారు. నేను బాగున్నానా అని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు ఆ గది మాటే ఎవరైనా అడిగితే బాగుండనిపిస్తోంది.

ఫోన్ వచ్చిన మర్నాడు పాపని తీసుకుని బొబ్బిలి వెళ్లాను. వీధి చివర ఎవరికోసమో ఆయన సగం కట్టి వదిలిన ఇల్లుంది. గోడలు భుజాల ఎత్తుకు లేచాయి, పైకప్పు లేదు. ఇటుకల వరస కోసం ఆయన కట్టిన నూలుతాడు ఈ కొస నుంచి ఆ కొసకి బిగువుగానే ఉంది. దాని పొడవునా మంచుబొట్లు. పాప వేలితో తాకబోయి ఆగింది. కిటికీకి వదిలిన ఖాళీలోంచి లేత ఎండ వచ్చి, ఇంకా ఎవరూ కాపురముండని ఆ గదిలో నేల మీద పరుచుకుంది.