మామ తన ఓటు తనకే వేసుకోలేదు

మామ పోయారని పోయిన వారం పట్టాభిరామ్ స్టేషన్లో బండి దిగుతుండగా తెలిసింది. చెప్పినవాడు పొదటూరుపేట వాలీబాల్ జట్టులో ఒకప్పుడు మాకు ఎదురాడిన పొడుగువాడు. "మీ మామ పోయినాడంట గదన్నా" అన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వేశాం. చావు కబురుకు నవ్వడం తప్పే. కానీ మామను తలుచుకుంటే మాకు వచ్చేది నవ్వే.

ఆయన నాకు చుట్టం కాదు. తిరుత్తణిలో మా వీధిలో ఉండేవారు, పట్టాభిరామ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా జట్టంతా రోజూ ఆయనతోపాటే బండెక్కి అక్కడికే పనికి పోయేవాళ్ళం. మా వీధి జట్టుకు కోచ్ గనుక అందరికీ మామ. నెట్ చినిగితే ఆయనే అల్లేవారు. ఆట అయ్యాక ఒక్కొక్కరి వేళ్ళు లాగి చూసేవారు. "బంతి ఎత్తేదంటే అన్నం వడ్డించినట్లురా. తినేవాడి ముఖం చూసి పెట్టాల" అనేవారు.

డెబ్బైల చివర మా జట్టు వరసగా మూడు వేసవులు మొదటి ఆటలోనే పొదటూరుపేట చేతిలో ఓడింది. నాలుగో వేసవి పోటీలకు ముందు ఏం మార్చాలన్నది రైల్లోనే తేల్చుకోవాలి. పొద్దున బండి తిరువళ్ళూరు దాటగానే వాదన మొదలయ్యేది, పట్టాభిరామ్ వచ్చేలోపు ఓటు. టిఫిన్ క్యారియర్ ఒళ్ళో ఉంటే, ఎవరి మీద ఓటో ఆ మనిషి ఉండాలని, కింద పెడితే వద్దని.

అందరి కోపం లిఫ్టరు మీదే. కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేది అతనే. అతను ఎటు ఎత్తినా ఎదుటివాళ్ళు ముందే అక్కడ చేతులెత్తి ఉండేవారు.

"ఈయన్ని మార్చేద్దాం మామా."

"మార్చి యాడనుంచి తెస్తావురా? అంగట్లో అమ్ముతారా?"

"అట్లయితే కోచ్‌ని మార్చుదాం."

"నన్నా! నా ఈల నువ్వు ఊదుతావా? ముందు ముక్కు తుడుచుకో పో."

నవ్వులయ్యాక లిఫ్టరు మీద ఓటు జరిగింది. క్యారియర్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నాదీ దిగింది. అక్కడే కూర్చున్న లిఫ్టరన్న తనదీ కింద పెట్టాడు. మామది ఒక్కటే ఒళ్ళో ఉంది.

అప్పుడే ఎదుటి సీట్లోంచి, అదే బండిలో వచ్చే ఆ పొదటూరుపేట పొడుగువాడు తెలుగులో కల్పించుకున్నాడు. "ఆయన్ని ఎందుకు తీస్తారయ్యా? ఎటు ఎత్తేదీ మీరే గదా మాకు చెప్పేది."

"మేమా? ఏం చెప్తిమి?"

"'ఎడమకి ఎత్తరా', 'ఎనక్కి ఇయ్యరా' అని మీ మామ గట్టు మీద నిలబడి అరుస్తాడు గదా. మేం పోయి ఆడ నిలబడతాం. అంతే."

మామ నోరు తెరిచారు. కోర్టులో అందరూ తమిళమే మాట్లాడతారు, మన తెలుగు ఎవరికి తెలుసులే అనుకుని మూడేళ్ళు అట్లా అరిచారు. వీధి దాటితే మేమూ తమిళమే మాట్లాడతాం, వాళ్ళూ అంతేనేమోనన్నది ఒక్కరికీ తట్టలేదు.

"అప్పడియా, అట్లనా! మీరూ తెలుగోళ్ళా?" అన్నారు మామ.

"ఇంట్లో ఇంకేం మాట్లాడతామయ్యా?"

మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వి, వంగి, లిఫ్టరన్న క్యారియర్ ఎత్తి అతని ఒళ్ళో పెట్టారు. తన క్యారియర్ కింద పెట్టారు. జేబులోని ఈల తీసి అతని చేతిలో ఉంచారు.

"ఎటు ఎత్తాలో నీకు తెలుసురా. నీకు తెలుసునని నాకే తెలీలే."

మేమూ వంగి మా క్యారియర్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాం.

ఆ వేసవి మొదటి ఆట తిరువళ్ళూరులో, మళ్ళీ పొదటూరుపేటతోనే. మామ గట్టు మీదికి రాలేదు. దూరంగా జనంలో కూర్చున్నారు. బంతి లేచిన ప్రతిసారీ ఆయన నోరు తెరుచుకునేది, రెండు చేతులతో మూసుకునేవారు. చివరి పాయింటుకు లిఫ్టరన్న వెనక్కి చూడకుండానే తల మీదుగా బంతి ఇచ్చాడు. ఎదుటివాళ్ళలో ఇద్దరు ఇటు పక్క ఖాళీ గాలిలోకి ఎగిరారు. వెనకున్న మావాడు కొట్టిన బంతి అటు పక్క నేల మీద పడింది. జనంలో ఒక మనిషి నోరు మూసుకునే గంతులేస్తున్నాడు.